తిరుపతి, చిత్తూరు వైపు గ్రావెల్ సైక్లింగ్: చెరువు కట్టలు పట్టుకుని పోయే దారులు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాదు నుంచి ఉద్యోగం మీద తిరుపతి వచ్చారు, కొత్తగా గ్రావెల్ సైకిల్ (మట్టి, కంకర దారుల కోసం వెడల్పు టైర్లతో చేసే సైకిల్) కొన్నారు. ఆదివారాల్లో 60 నుంచి 100 కి.మీ. దాకా, అడవులూ చెరువులూ ఉన్న మట్టి దారుల్లో తిరగాలని ఉంది. మ్యాప్‌లో మామండూరు నుంచి తలకోన దాకా శేషాచలం లోపల చుక్కల గీతలు కనిపిస్తున్నాయి, వాటిని పట్టుకుని పోవచ్చా? 35 ఎంఎం టైర్లు సరిపోతాయా? ఒంటరిగా పోవచ్చా?

ముందు ఆ చుక్కల గీతల సంగతి తేల్చేద్దాం. పోకూడదు. అవి ఎక్కువగా ఫారెస్టు వాళ్ల జీపు దారులు, పశువుల కాపరులు నడిచిన బాటలు. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఒక్కటే సుమారు 353 చదరపు కి.మీ. ఉంటుంది. చుట్టుపక్కల కొండలను కూడా కలిపి 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. జాతీయ ఉద్యానవనంలోకి అనుమతి లేకుండా అడుగుపెడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు అవుతుంది. పైగా ఇది ఎర్రచందనం అడవి. ఆ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల్లో ఈ దక్షిణపు కొండల్లోనే. దాని స్మగ్లింగ్‌ను అడ్డుకోవడానికి ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ తిరుపతి కేంద్రంగానే పనిచేస్తుంది. తెల్లారకముందే, తలకు లైటు పెట్టుకుని, సైకిల్‌కు బ్యాగులు తగిలించుకుని అడవిలోంచి బయటికొచ్చే మనిషిని వాళ్లు ఆపుతారు, ఆపాలి కూడా. అక్కడ "నేను గ్రావెల్ రైడర్ని సార్" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

చట్టం సంగతి అలా ఉంచినా జంతువులు ఉన్నాయి. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో, రోజూ వేలమంది నడిచే చోట, ఆరేళ్ల పాపను చిరుత చంపింది. ఆ తర్వాతే నడిచి వెళ్లే భక్తులకు చేతికర్రలు ఇచ్చారు. 2025 జనవరిలో చంద్రగిరి మండలంలోనే ఏనుగుల దాడిలో ఒక మనిషి చనిపోయాడు. అది అడవి నడిమధ్య కాదు, పొలాల దగ్గర. సైకిల్ చప్పుడు చేయదు. అదే దాని గొప్ప అని మనం మురిసిపోతాం. కానీ మలుపు తిరిగేసరికి ఎదురుగా ఏనుగు ఉంటే, మనం వస్తున్నట్టు దానికి ముందే తెలియకపోవడమే ప్రమాదం.

అయితే అడవి చూడకుండా తిరగాల్సిందేనా అంటే, అక్కర్లేదు. మన వైపు నేల అమరికే సైకిల్‌కు అనుకూలం. కొండ, కొండ కింద చెరువు, చెరువు కింద ఆయకట్టు, ఆయకట్టు పక్కన ఊరు. కొండ మీద పడిన వాన వంకల్లో దిగి మొదటి చెరువుకు చేరుతుంది. అది నిండితే మొరవ, అంటే మీ వైపు అలుగు, పొర్లి ఇంకో వంకగా కింది చెరువుకు పోతుంది. ఇలా చెరువు వెనక చెరువు నింపుకుంటూ చివరికి స్వర్ణముఖిలోనో, కుశస్థలిలోనో, నీవాలోనో కలుస్తుంది. ఈ గొలుసుకట్టు చెరువుల కట్టలూ, వాటి మధ్య బండి బాటలూ పట్టుకుని పోతే ఒక పక్క అడవి, ఇంకో పక్క వరి మళ్లు, చెరకు తోటలు. నీళ్లు నెమ్మదిగా నడిచే వాలు కాబట్టి తొక్కడానికీ పెద్ద ఎక్కుడు ఉండదు. ఇక్కడ మంచి గ్రావెల్ అంతా అడవికీ ఊరికీ మధ్య ఉన్న ఈ సన్నటి పట్టీలోనే ఉంది. రూటు గీసేటప్పుడు రోడ్లు చూడకండి, నీలం మచ్చలు చూడండి.

ఈ చెరువుల్లో చాలావాటికి వయసు ఎక్కువ. తిరుమల శాసనాలు చదివితే, భక్తులు దేవుడికి ఇచ్చిన డబ్బును దేవుడి గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి వాడిన వివరాలు చాలాచోట్ల కనిపిస్తాయి. ఆ పంట మీద వచ్చిన ఆదాయంతో నైవేద్యాలు జరిగేవి. మనం తొక్కే కట్ట ఒకప్పటి పెట్టుబడి అన్నమాట.

ఇక దారులు. మొదట చిన్నది. తిరుపతి నుంచి పేరూరు మీదుగా తొండవాడ, అక్కడి నుంచి శ్రీనివాస మంగాపురం, చంద్రగిరి కోట, ఎ.రంగంపేట, కల్యాణీ డ్యామ్, మళ్లీ వెనక్కి. మెల్లగా తిరిగితే 50 కి.మీ. దాకా వస్తుంది. తొండవాడలో అగస్త్యేశ్వరస్వామి గుడి దగ్గర భీమా, కల్యాణి, స్వర్ణముఖి కలుస్తాయి. ఏటి ఒడ్డున ఉన్న బాటలు చూడ్డానికి బాగుంటాయి గానీ ఇసుక ట్రాక్టర్లు తిరిగినచోట గాడి లోతుగా పడి, ముందు చక్రం కూరుకుపోతుంది. అలాంటిచోట హ్యాండిల్ గట్టిగా పట్టుకోకండి, బరువు వెనక్కి వేసి, తొక్కడం ఆపకుండా సాగిపోండి. చంద్రగిరి కోట వెనక పక్క గుట్టల కింద తోటల మధ్య మట్టి దారులు బాగుంటాయి. కల్యాణీ డ్యామ్ దగ్గర ఆగిపోవాలి, ఆపైన అంతా అడవే. ఒక్క జాగ్రత్త: సంక్రాంతి సమయంలో ఎ.రంగంపేటలో పశువుల పండుగ జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్లలో కూడా జనవరి నెలంతా ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది. సన్నటి వీధిలో కొమ్ములకు పలకలు కట్టిన ఎద్దులు పరిగెత్తుతుంటే మీరూ మీ సైకిలూ మధ్యలో ఉండకూడదు. ఆ రోజు సైకిల్ ఇంట్లో పెట్టి, మిద్దె మీదెక్కి చూడండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది రాయలచెరువు దారి. తిరుపతి నుంచి 20 కి.మీ. లోపే. రామచంద్రాపురం మండలంలో కొండల నడుమ ఉన్న పెద్ద చెరువు. కృష్ణదేవరాయల కాలంలో కట్టించారని చెప్పుకుంటారు. తారు రోడ్డు మీద నేరుగా పోతే గంటలో చేరిపోతారు, కానీ అలా పోవడంలో మజా లేదు. స్వర్ణముఖి దాటాక పెద్ద రోడ్డు వదిలేసి కుప్పంబాదూరు, నడవలూరు వైపు ఊరి దారులు పట్టుకోండి. మధ్యమధ్యలో చిన్న కుంటలు, మామిడి తోటలు, చెరకు తోటలు. చలికాలంలో బెల్లం వండే చోట్ల పొగ కనిపిస్తుంది. ఆగి అడిగితే వేడి బెల్లం చేతిలో పెడతారు, డబ్బులు తీసుకోమంటే నవ్వుతారు.

రాయలచెరువు కట్ట ఎక్కగానే తెలుస్తుంది దాని బలం ఎంతో. లోపలి వైపు రాతి పేర్పు, కింద ఆయకట్టు, దూరంగా ఊళ్లు. 2021 నవంబరు వానలకు ఈ కట్ట నుంచి నీళ్లు కారడం మొదలైతే దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. టీవీలన్నీ ఇక్కడే ఉన్నాయి అప్పుడు. ఆ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మన వైపు చెరువు నిండడమంటే ఏమిటో బయటివాళ్లకు అంచనా ఉండదు. ఏడాదిలో ఎక్కువ కాలం పశువులు మేసే మైదానంలా కనిపించే చోటు, ఒక వాయుగుండం వస్తే రెండు రోజుల్లో సముద్రమవుతుంది. మొరవ పారుతున్నప్పుడు దాని మీద సిమెంటు దారి ఉంటుంది కదా, మోకాలి లోతే కదా అని సైకిల్ దించకండి. నీళ్ల కింద పాచి పట్టి ఉంటుంది, కాలు నిలవదు. కాజ్‌వేలూ అంతే. నీళ్లు రోడ్డు దాటుతుంటే వెనక్కి తిరగడమే. రూటు పూర్తి చేయాలన్న పట్టుదల ఆరోజుకి పక్కన పెట్టండి.

ఇక్కడికి 40 కి.మీ. రైడు చాలనుకుంటే వెనక్కి తిరగొచ్చు. కాళ్లలో ఇంకా సత్తువ ఉంటే పచ్చికాపల్లం, కార్వేటినగరం మీదుగా పుత్తూరు దాకా పొండి. పచ్చికాపల్లం దాకా అటూ ఇటూ గుట్టలు, రాళ్ల మధ్య చిన్న చెరువులు. టిఫిన్ అక్కడే తినేయండి, ఆలస్యమైతే ఇడ్లీలు అయిపోతాయి. కార్వేటినగరంలో వేణుగోపాలస్వామి గుడి, దాని పుష్కరిణి చూడదగ్గవి. సంస్థానం నాటి ఊరు, ఆ దర్జా ఇంకా కొద్దిగా మిగిలి ఉంది. దగ్గర్లోనే కృష్ణాపురం రిజర్వాయరు. పుత్తూరు చేరేసరికి ఎండ ముదిరి ఉంటుంది. విరిగిన ఎముకలకు కట్టే పుత్తూరు కట్టు పేరు మీరు వినే ఉంటారు. దాని అవసరం లేకుండా ఊరు దాటితే ఆ రోజు రైడు బాగా జరిగినట్టే. పుత్తూరు నుంచి తిరుపతికి చెన్నై హైవే మీద లారీల పక్కన తొక్కడం నాకు అసలు నచ్చదు. పుత్తూరు స్టేషను రేణిగుంట–అరక్కోణం లైను మీదుంది, చక్రాలు విప్పి సంచిలో పెట్టి రైలెక్కేయడమే మేలు. తొక్కే తీరాలంటే వడమాలపేట వైపు హైవేకి పక్కన ఊరి దారులున్నాయి, మొత్తం కలిపి 100 కి.మీ.కి అటూ ఇటూగా వస్తుంది.

తలకోనకు పోవాలన్న ముచ్చట ఉంటే రోడ్డు మీదనే పొండి. తిరుపతి నుంచి దాదాపు 58 కి.మీ., భాకరాపేట ఘాట్ ఎక్కి నెరబైలు మీదుగా. గేటు దగ్గర టికెట్ తీసుకుంటే లోపలికి పంపిస్తారు. జలపాతం 270 అడుగులు, మన రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తైనది అంటారు. గ్రావెల్ అనిపించుకునేది తక్కువ, అడవి నీడ ఎక్కువ. ఘాట్ మలుపుల్లో బస్సులు లోపలికి కోసుకుంటూ వస్తాయి, ఎడమ అంచు వదలకండి. చీకటి పడ్డాక ఆ ఘాట్‌లో ఉండకూడదు.

చిత్తూరు వైపు మీకు ఇంకో రకం నేల దొరుకుతుంది. పాకాల దాకా రైల్లో పోయి దిగితే అక్కడి నుంచి దామలచెరువు, పెనుమూరు, పులిగుండు, కాణిపాకం. పెనుమూరు దగ్గర నీవా నది మీద ఎన్టీఆర్ జలాశయం. పులిగుండు రెండు బండలు ఒకదాని పక్కన ఒకటి నిటారుగా లేచి ఉంటాయి, అర రోజు వాటి చుట్టూనే తిరగొచ్చు. దారంతా మామిడే. జూన్, జులైలో మాత్రం అటు పోకండి. తోతాపురి కాయలు నింపుకుని ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉంటాయి, ఊరి దారులు కూడా వాటితో నిండిపోతాయి. మిగతా ఏడాదంతా ఆ తోటల మధ్య దారుల్లో నీడే నీడ.

పలమనేరు, పుంగనూరు పీఠభూమి గురించి ఒక మాట. మొగిలి ఘాట్ ఎక్కితే వాతావరణమే మారిపోతుంది, బెంగళూరు చలి కొంచెం తగులుతుంది. ఎర్రమట్టి దారులు, మల్బరీ తోటలు, టమాటా, ప్రతి ఊరికీ రెండు మూడు చెరువులు. గ్రావెల్‌కు అసలైన నేల అదే అని నా అభిప్రాయం. కానీ పలమనేరు నుంచి కుప్పం దాకా ఉన్నది కౌండిన్య అభయారణ్యం, అంటే ఏనుగులు. పంటల మీద పడే ఏనుగులను తరమడానికి కర్ణాటక నుంచి 2025లో కుంకీలను, అంటే శిక్షణ ఇచ్చిన ఏనుగులను, తెప్పించారంటే అక్కడి పరిస్థితి అర్థం చేసుకోండి. అందుకని అడవి వైపు తగలకుండా గంగవరం, చౌడేపల్లె, పుంగనూరు వైపే తిరగండి. బోయకొండ గంగమ్మ గుడి మధ్యలో వస్తుంది, ఆది, మంగళవారాల్లో రద్దీ ఎక్కువ. హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం కుప్పం బ్రాంచ్ కాలువ గట్టు మీద కూడా కొన్నిచోట్ల దారి ఉంది. 2025లో ఆ కాలువలో కృష్ణా నీళ్లు కుప్పం దాకా వచ్చాయి.

కాలువ గట్లంటే గుర్తొచ్చింది, తూర్పు వైపు కండలేరు–పూండి కాలువ. చెన్నైకి తెలుగుగంగ నీళ్లు పోయే కాలువ ఇదే. సత్యసాయి ట్రస్టు లైనింగ్ చేయించాక సత్యసాయి గంగ అన్నారు. శ్రీకాళహస్తి తర్వాత సత్యవేడు వైపు ఊత్తుకోట సరిహద్దు దాకా దాని పక్కన సర్వీసు దారి సాగుతుంది. చదునైన గ్రావెల్, మలుపులు తక్కువ, నీడ అసలు లేదు. మొదటిసారి పోయేవాళ్లకు ఇది స్వర్గంలా ఉంటుంది, కానీ రెండు గంటలకు బోరు కొడుతుంది. లైనింగ్ చేసిన కాలువలో పడితే ఈత వచ్చినా గోడ పట్టుకుని ఎక్కడం కష్టం. గట్టు అంచున ఫోటోలు, పక్కపక్కనే తొక్కడాలు వద్దు. గేటుకు గొలుసు వేసి ఉంటే అది ఇరిగేషన్ వాళ్ల మాట, దాన్ని దాటి పోకండి. పక్షులు ఇష్టమైతే నేలపట్టు, పులికాట్ ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉన్నాయి. 2022లో జిల్లాలు మారినప్పుడు నెల్లూరు నుంచి వచ్చాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా పెలికాన్లు, ఫ్లెమింగోలు. అది సైకిల్ రైడు కన్నా బైనాక్యులర్ రైడు.

కాలం సంగతికి వస్తే, ఇక్కడ దూరం కన్నా నెల ముఖ్యం. మనకు రెండు వానలూ తగులుతాయి గానీ చెరువులు నిండేది ఎక్కువగా అక్టోబరు–డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలకే. నిండిన చెరువులు, గట్టిపడిన దారులు రెండూ కలిసి దొరికేది డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. ఎర్రనేల ఒక ఎండకు ఆరిపోతుంది. చెరువు లోపలి బంకమట్టి అలా కాదు, పైన పొరలా ఆరినట్టు కనిపించి కింద జిగటగా ఉంటుంది. దగ్గరి దారి కదా అని చెరువు మధ్యలోంచి దిగితే చక్రానికీ ఫ్రేముకూ మధ్య మట్టి కరుచుకుని చక్రం తిరగడం ఆగిపోతుంది, పుల్లతో గీకుతూ కూర్చోవాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది. ఐదింటికి బయల్దేరి తొమ్మిదిన్నరకు ఇంట్లో ఉండాలి.

35 ఎంఎం టైర్ల గురించి. తొండవాడ దారికి చాలు. కట్టల మీద, కంకర తేలిన దారుల్లో 40 ఉంటే నడుము బతుకుతుంది. మీ ఫ్రేములో 40 పడుతుందో లేదో చూసుకోండి, పట్టడమే కాదు, పక్కన మట్టికి కొంచెం ఖాళీ మిగలాలి. 70 కిలోల మనిషికి 40 ఎంఎం ట్యూబ్‌లెస్‌లో ముందు 30, వెనక 34 పీఎస్ఐ గాలి దగ్గర మొదలుపెట్టి సర్దుకోవచ్చు. ట్యూబు ఉంటే ఇంకో పది ఎక్కువ పెట్టండి, లేకపోతే రాయి తగిలి రిమ్ముకు నలిగి ట్యూబు చినుగుతుంది.

అసలు శత్రువు రాళ్లు కాదు, ముళ్లు. చెరువు కట్టల మీద, కాలువ గట్ల మీద పెరిగేది సర్కారు తుమ్మ. దాన్ని నరికి కంప అక్కడే పడేస్తారు. ఎండిన ముల్లు అంగుళం పైనే ఉంటుంది, పల్చటి టైరును ఒక దెబ్బకు దాటుతుంది. డిసెంబరు నుంచి పల్లేరుకాయలు ఎండడం మొదలవుతుంది, అవి ఒకటి గుచ్చుకోవు, పదీ పన్నెండూ కలిసే వస్తాయి. అందుకే ఇక్కడ ట్యూబ్‌లెస్ తప్పదంటాను. టైరు లోపల పోసే సీలెంట్ (రంధ్రాన్ని మూసేసే ద్రవం) మన ఎండకు త్వరగా గడ్డకడుతుంది, కొన్నప్పుడు పోసి మరిచిపోతే కుదరదు, రెండు మూడు నెలలకోసారి విప్పి చూసి పోసుకోండి. ముల్లు గుచ్చుకుని గాలి పోవట్లేదంటే ఇల్లు చేరేదాకా దాన్ని పీకకండి. ఊళ్లలో పంచరు షాపు ప్రతిచోటా ఉంది, కానీ వాళ్ల గాలి గొట్టం మన సైకిళ్లకుండే సన్నటి ప్రెస్టా వాల్వుకు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకే బిగించి ఉంచుకోండి. దాని ఖరీదు ఒక నన్నారి సోడా ఖరీదుకు కొంచెం ఎక్కువ, అది లేక పది కిలోమీటర్లు సైకిల్ తోసుకొచ్చిన వాళ్లు నాకు తెలుసు.

ఒంటరిగా పోవచ్చా అంటే, తారు రోడ్లకు దగ్గరగా ఉండే దారుల్లో పగలు పోవచ్చు. కొండ పక్క దారులకు ఇద్దరైనా ఉండాలి. లోయల్లో సిగ్నల్ ఉండదు, మ్యాపు ఆఫ్‌లైన్‌లో దించుకోండి, ఏ ఊళ్ల మీదుగా పోతున్నారో ఇంట్లో రాసి పెట్టండి. చీకట్లో పొలం గట్ల మీదికి అసలు దిగొద్దు. దీనికి కారణం దయ్యాలు కాదు. అడవి పందుల కోసం కొందరు దొంగచాటుగా కరెంటు తీగలు లాగుతారు. అది నేరం, అయినా జరుగుతుంది, మనుషులు చనిపోయారు కూడా. బాగా తెల్లారాకే తోటల్లోకి దిగండి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏదీ చేయకండి. ఆ కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి, తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది. కుక్కలు వెంటపడితే సైకిల్ దిగి, సైకిల్‌ను మధ్యలో పెట్టుకుని నడవండి, చాలావరకు ఆగిపోతాయి. కరిచిందంటే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా వేయించుకోండి.

దారి తప్పితే పాల కేంద్రం వెతకండి. ఇది పాడి ఉన్న జిల్లా, ఉదయం ఐదున్నర, ఆరు గంటలకు ఊరంతా క్యాన్లు పట్టుకుని అక్కడే ఉంటుంది. "ఏం సామీ, యాడికి పోతాండావు?" అని వాళ్లే అడుగుతారు. మ్యాపు చూపించకండి, ఊరి పేరు చెప్పి, "పాల ఆటో ఈ దారిలో పోతుందా?" అని అడగండి. పోతుందంటే ఆ దారి ఏ కాలంలోనైనా మీ సైకిల్‌కు సరే. "బండి పోతుంది" అంటే నమ్మకండి, వాళ్ల లెక్కలో ట్రాక్టరు కూడా బండే, మోటరుబైకు కూడా బండే.

జీపీఎస్ ఫైళ్లు పెట్టలేదేమని మీరు అడగొచ్చు. ప్రతి వానాకాలానికీ ఒక కాజ్‌వే కొట్టుకుపోతుంది, ఒక కట్ట మీద కంప పెరుగుతుంది, ఒక రైతు గేటు వేసుకుంటాడు. నిరుటి ఫైలు ఈ ఏడు పనికిరాదు. పైన చెప్పిన ఊళ్ల పేర్లు చాలు, వాటిని కలుపుతూ శాటిలైట్ బొమ్మ మీద మీరే గీసుకోండి. రిజర్వు అడవి హద్దులు పాత టోపోషీట్లలో (సర్వే శాఖ మ్యాపుల్లో) స్పష్టంగా ఉంటాయి, ఆ గీత లోపలికి పోకండి. గీసేటప్పుడు ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు: గుట్ట వైపు వెడల్పుగా, తెల్లగా మెరిసే దారి కనిపిస్తే మంచి గ్రావెల్ అనుకుంటారు. గుట్ట దగ్గర అది ఆగిపోతుందంటే అది క్వారీ దారి. కుప్పం, శాంతిపురం వైపు ఇలాంటివి ఎక్కువ. లోపల టిప్పర్లు, దుమ్ము, చెప్పాపెట్టకుండా పేలుళ్లు. పక్కనే సన్నగా, ఎర్రగా, చెరువు అంచున వంకర తిరుగుతూ పోయే గీత ఒకటి ఉంటుంది చూడండి, దాన్ని పట్టుకోండి.